పూజలో పాడడం, పూజను పాడడం



ఈ వారం మనం మాట్లాడుకునే విషయం చిన్నదిగానే కనిపిస్తుంది. ఆదివారం దివ్యబలిపూజకు పాటలు ఎవరు ఎంచుతారు? ఎప్పుడు ఎంచుతారు? మీ విచారణలో దీనికి జవాబు ఏమిటో ఒక్కసారి తలచుకోండి. చాలా చోట్ల ఇలా జరుగుతుంది. రెండో గంట కొట్టాక, గురువుగారు పూజావస్త్రాలు వేసుకుంటూ ఉండగా, కీబోర్డు వాయించే అబ్బాయి పాటల పుస్తకం గబగబా తిరగేస్తాడు. ప్రవేశానికి ఇది, అర్పణకు ఇది, సత్ప్రసాదానికి ఈ రెండూ, చివర్లో మాత పాట అని నంబర్లు చీటీ మీద రాసుకుంటారు. అయిపోయింది. ఆ రోజు పఠనాలు ఏమిటో ఆ చీటీకి తెలియదు. ప్రసంగం దేని మీదో తెలియదు. పఠనం చదవబోయే టీచరుగారికి పాటల సంగతి తెలియదు. అందరూ మంచివారే, అందరూ కష్టపడేవారే. ఒకరి పని ఒకరికి తెలియదు, అంతే.

పాటలు బాగానే ఉన్నాయి కదండీ, నష్టం ఏమిటి అని మీరు అడగవచ్చు. నష్టం ఉంది. అది పాడేవారికి కనిపించదు. కింద చాపల మీద కూర్చున్నవారికి తెలుస్తుంది.

వారమంతా నడుము వంచి నాట్లు వేసి, ఆదివారం గుడికి వచ్చిన ఒక అమ్మను ఊహించుకోండి. ఆమెకు చదువు రాదు. పాటల పుస్తకం చేతికిచ్చినా ప్రయోజనం లేదు. కానీ గురువుగారి పలకరింపుకు బదులు చెప్పడం ఆమెకు వచ్చు. 'పరిశుద్ధుడు' వచ్చు, అల్లెలూయ వచ్చు, ఆమెన్ వచ్చు. పూజలో ఆమె వంతు అదే. జ్ఞానస్నానం వల్ల ఆమెకు వచ్చిన హక్కు అది. ఈ వారం 'పరిశుద్ధుడు' కొత్త బాణీలో, పై శృతిలో, గాయక బృందం వారే పాడుకున్నారనుకోండి. ఆమె నోరు మూతపడుతుంది. పై వారం ఇంకో బాణీ. ఆర్నెల్లు తిరిగేసరికి ఆమె వినడానికే అలవాటు పడిపోతుంది. అర్పించడానికి వచ్చిన మనిషి వినిపోయే మనిషి అవుతుంది. ఈ రోజు మన మాటలన్నీ ఈ అమ్మ కోసమే.

ఇది ఈనాటి తంటా కాదు. పునీత పౌలుగారు కొరింతీయులకు రాసిన మొదటి లేఖ 14వ అధ్యాయం తీసి చదవండి. అక్కడివారు ప్రార్థనకు కూడినప్పుడు ఒకరు కీర్తనతో వస్తున్నారు, ఒకరు బోధతో వస్తున్నారు, మరొకరు ఇంకొక వరంతో వస్తున్నారు. పౌలుగారు ఎవరి వరాన్నీ తప్పు పట్టలేదు. అన్నీ సంఘానికి మేలు కలిగేలా జరగాలన్నారు, వంతులవారీగా క్రమంగా జరగాలన్నారు. అదే అధ్యాయంలో, పక్కనున్న సామాన్యుడికి అర్థం కాకపోతే మీ ప్రార్థనకు అతడు ఆమెన్ ఎలా చెప్పగలడని కూడా అడిగారు. ఆ సామాన్యుడి ఆమెన్ పౌలుగారికి అంత ముఖ్యం!

ప్రభువు చేసిన కడరాత్రి భోజనం కూడా పాటతోనే ముగిసింది. కీర్తన పాడి ఓలీవు కొండకు వెళ్లారని మత్తయి, మార్కు ఇద్దరూ రాశారు. యూదులు పాస్కా భోజనంలో పాడుకునేవి 113 నుంచి 118 వరకు గల కీర్తనలు. గదిలో ఉన్నవారందరికీ అవి కంఠతా వచ్చు. అక్కడ పాట భోజనానికి అలంకారం కాదు, భోజనంలో భాగం.

మరి మన దగ్గర పాట ఒక పక్కకూ పూజ ఒక పక్కకూ ఎందుకు పోయాయి? నాకు తోచిన కారణం చెబుతాను. మన గోదావరి ప్రాంతానికి విశ్వాసం తెచ్చిన గురువులు, విశాఖపట్నం వైపు నుంచి వచ్చిన ఫ్రెంచివారైనా, కృష్ణా వైపు నుంచి వచ్చిన ఇటలీవారైనా, లతీనులో పూజ చేసేవారు. ఆ రోజుల్లో పూజ జరుగుతూ ఉంటే ప్రజలు జపమాల చెప్పుకునేవారు. తెలుగు పాట పెరిగింది పూజకు బయట: సిలువ మార్గంలో, తేరు ప్రదక్షిణంలో, ఇంట్లో సాయంకాల ప్రార్థనలో. రెండవ వాటికన్ మహాసభ తరువాత పూజ తెలుగులోకి వచ్చింది. బయట పెరిగిన పాటలను మనం ప్రేమగా లోపలికి తీసుకొచ్చి, ఖాళీ ఉన్న నాలుగు చోట్ల పెట్టుకున్నాం. పూజ మాత్రం గురువుగారు చదివేది, పాట మనం పాడేది అన్నట్టు ఉండిపోయింది. అంటే మనం పూజలో పాడుతున్నాం గానీ, పూజను పాడడం లేదు.

మహాసభ 1963 డిసెంబరు 4న వెలువరించిన దైవార్చన పత్రంలో ఒక అధ్యాయమంతా సంగీతానికే కేటాయించింది. వాక్యంతో కలిసిన పాట ఆరాధనకు అంతర్భాగమని చెప్పింది. 1967 మార్చి 5న రోము నుంచి 'ముజికాం సాక్రాం' అనే సూచనల పత్రం వచ్చింది. ప్రతి విచారణ పెద్ద చదవవలసిన పత్రమది. అందులో రెండు విషయాలు మన సమస్యను సూటిగా తాకుతాయి. ఒకటి, పూజకు సిద్ధపడేటప్పుడు ఆచరణ చూసేవారు, ప్రజల సంరక్షణ చూసేవారు, సంగీతం చూసేవారు విచారణ గురువు మార్గదర్శకత్వంలో ఒకే మనసుతో కలిసి పనిచేయాలి. రెండోది, ఏమి పాడాలో ఎంచేటప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన వాటితో మొదలుపెట్టాలి.

ముఖ్యమైనవి ఏవి? ఇక్కడే మన చీటీ తలకిందులవుతుంది. ఆ పత్రం ప్రకారం మొదటి స్థానం గురువు పలుకుకు ప్రజలు ఇచ్చే బదులుకు, సువిశేషం దగ్గర చేసే జయధ్వానానికి, 'పరిశుద్ధుడు' పాటకు, ప్రభువు నేర్పిన జపానికి. తరువాతి స్థానం 'ప్రభువా దయచూపు', మహిమగీతం, 'సర్వేశ్వరుని గొర్రెపిల్ల' వంటివాటికి. ప్రవేశ పాట, అర్పణ పాట, సత్ప్రసాద పాట ఆ తరువాత వస్తాయి. ఇక చివరి పాట సంగతి చెబితే మీరు ఆశ్చర్యపోతారు. గురువుగారు మనలను సాగనంపడంతో పూజ ముగుస్తుంది. ఆ తరువాత పాట పాడమని పూజాక్రమం ఎక్కడా అడగలేదు. పాడుకోవచ్చు, తప్పు లేదు. కానీ దాని సాధనకు రెండు గంటలు, ఆమెన్ సాధనకు ఒక్క నిమిషమూ లేకపోవడం ఎలా న్యాయం?

ఇప్పుడు మన ప్రాంతపు పండుగనే ఉదాహరణగా తీసుకుందాం. గౌరీపట్నం నిర్మలగిరి మీ అందరికీ తెలుసు. ఏలూరు మేత్రాసనానికి చెందిన ఈ మరియమాత పుణ్యక్షేత్రం దేవరపల్లి మండలంలో ఉంది. నిన్నమొన్నటిదాకా పశ్చిమగోదావరి, 2022లో జిల్లాలు మారాక తూర్పుగోదావరి. అక్కడి పండుగ మార్చి 25, మంగళవార్త మహోత్సవం. డెల్టా ఊళ్ల నుంచి, ఏరు దాటి కూడా భక్తులు వస్తారు. మీ ఊరి గుళ్లోనూ ఆ రోజు పూజ ఉంటుంది. మాత పండుగ కదా అని మన గాయక బృందాలు ఏం చేస్తాయి? ఉన్న మాత పాటలన్నీ దించేస్తాయి. ప్రవేశానికి మాత పాట, పఠనం తరువాత మాత పాట, అర్పణకు మాత పాట.

ఆగి, ఆ రోజు పఠనాలు చూడండి. మొదటి పఠనం యెషయా 7వ అధ్యాయం: ఆహాజు రాజు గురుతు అడగనంటాడు, దేవుడే కన్య కుమారుని కంటుందనే గురుతు ఇస్తాడు. రెండవ పఠనం హెబ్రీయుల లేఖ 10వ అధ్యాయం. సువిశేషం లూకా మొదటి అధ్యాయం, గబ్రియేలు దూత మరియమ్మ దగ్గరకు వచ్చిన ఘట్టం. ఈ పఠనాల నడుమ ఉన్న భక్తి కీర్తన 40వది. బలులు నీకు అక్కరలేదు, ఇదిగో నేను వచ్చాను, నీ చిత్తం నెరవేర్చడమే నాకు ఇష్టం అనే భావం ఆ కీర్తనది. ఇప్పుడు హెబ్రీయుల లేఖ వినండి. క్రీస్తు లోకంలోకి వస్తూ పలికిన మాటగా ఆ లేఖ చెప్పేది ఈ కీర్తన మాటలే! ఆ తరువాత సువిశేషంలో మరియమ్మ దూతకు ఇచ్చిన జవాబు కూడా అదే భావం. కీర్తనకారుడు, కుమారుడు, తల్లి ముగ్గురూ ఒక్క మాటే చెబుతున్నారు. వారి మధ్యలో, కీర్తన పల్లవి పాడడం ద్వారా, మన చదువురాని అమ్మ కూడా అదే మాట చెబుతుంది. నాలుగో నోరు ఆమెది.

ఆ కీర్తన తీసేసి ఒక మంచి మాత పాట పెట్టారనుకోండి. పాట బాగుంటుంది. కానీ హెబ్రీయుల లేఖకు వేరు తెగిపోతుంది. అమ్మకు దక్కవలసిన వంతు పోతుంది. భక్తి కీర్తన స్థానంలో వేరే పాట పాడకూడదని రోము పూజాగ్రంథపు సాధారణ నియమాలు చెప్పేది ఇందుకే. అది పఠనానికి పఠనానికి మధ్య విరామ సంగీతం కాదు. అదే ఒక దైవవాక్కు. కీర్తన మొత్తం పాడేవారు లేకపోతే పల్లవి ఒక్కటే పాడి, చరణాలు ఒకరు నిదానంగా చదివినా చాలు.

ఇంకొంచెం ముందుకు వెళదాం. మార్చి 25 సాధారణంగా తపస్సు కాలంలో వస్తుంది. తపస్సు కాలంలో మహిమగీతం పాడం. కానీ ఇది మహోత్సవం కనుక ఆ రోజు పాడాలి. అల్లెలూయ మాత్రం మహోత్సవమైనా పాడకూడదు, దాని బదులు తపస్సు కాలపు సువిశేష స్తుతి పాడాలి. తపస్సు కాలంలో వాద్యాలు గొంతుకు ఆసరాగా మాత్రమే మోగాలి, విడిగా వాయించకూడదు. ఈ మహోత్సవానికి ఆ నియమం సడలుతుంది, పీఠం దగ్గర పూలు కూడా పెట్టవచ్చు. విశ్వాస సంగ్రహంలో దేవుని కుమారుడు మనుష్యావతారం ఎత్తాడని చెప్పేచోట మామూలు ఆదివారాల్లో తల వంచుతాం, ఆ రోజు మోకరిస్తాం. విశ్వాస సంగ్రహం పాడుతూ ఉంటే గాయకులు అక్కడ ఆగాలి, వ్యాఖ్యాత ముందుగా చెప్పి ఉంచాలి. చూశారా, ఒక్క పూజకు గురువు, వ్యాఖ్యాత, పాఠకులు, గాయకులు, పూలు సర్దే మఠకన్యలు, వీరందరికీ ఒకే సమాచారం కావాలి. గంట కొట్టాక చీటీ రాసుకుంటే ఇది కుదిరే పనేనా?

డిసెంబరులోనూ ఇదే చిక్కు. మన ఊళ్లలో క్రిస్మస్ పాటల బృందాలు నెల మొదటి వారం నుంచే నక్షత్రం దీపం పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతాయి. ఎంతో ఆనందం. తిరగనివ్వండి. గుళ్లో మాత్రం అది ఆగమన కాలం, ఎదురుచూపు కాలం. వీధిలో పాడింది రేపు ఉదయం పూజలో పాడితే, 24వ తేదీ రాత్రికి కొత్తగా పాడటానికి మనకు ఏం మిగులుతుంది?

ఇక వాద్యాల మాట. గురువుగారు రొట్టె, ద్రాక్షారసాలపై పెద్ద ప్రార్థన చేస్తుండగా వెనుక నుంచి కీబోర్డు మెల్లగా మోగుతూ ఉండడం చాలా చోట్ల అలవాటైపోయింది. భక్తి పెరుగుతుందని వారి ఉద్దేశం. కానీ గురువు ప్రజలందరి పేరిట ప్రార్థించేటప్పుడు ఇంకే ప్రార్థనా, పాటా, వాద్యమూ ఉండకూడదని నియమాలు స్పష్టంగానే చెబుతున్నాయి. సినిమాలో కన్నీటి ఘట్టానికి వెనుక సంగీతం కావాలి. అక్కడ జరుగుతున్నది నిజమైన కార్యం, దానికి ఊతం అక్కరలేదు. అలాగే సత్ప్రసాదం అయ్యాక కాసేపు మౌనం. సత్ప్రసాద పాట గురువుగారు స్వీకరిస్తుండగానే మొదలై, జనం స్వీకరించడం పూర్తికాగానే ముగియాలి. ఇంకా రెండు చరణాలు మిగిలాయని గురువుగారిని కూర్చోబెట్టకండి.

మరో సంగతి, ఆరతి. భారతదేశపు పూజకు 1969 ఏప్రిల్‌లో రోము అనుమతించిన పన్నెండు అంశాలలో పుష్పాలతో, ధూపంతో, దీపంతో ఆరతి కూడా ఉంది. పెద్ద ప్రార్థన ముగింపులో, గురువు పాత్రను పైకెత్తి మహిమ చెల్లించే చోట, ఎన్నో విచారణల్లో పిల్లలు చక్కగా ఆరతి ఇస్తారు. అయితే ఆ చోటికి గాయక బృందం వేరే ఆరతి పాట అందుకుంటే, ప్రజల ఆమెన్ ఆ పాటలో మునిగిపోతుంది. పూజ మొత్తంలో ప్రజలు పలికే అతి పెద్ద మాట అదే! ఆమెన్‌నే రెండు మూడు సార్లు, అందరికీ వచ్చిన బాణీలో పాడించండి. ఆరతి దానితోనే సాగుతుంది.

ఏ పాటలు మంచివని కొందరు అడుగుతుంటారు. రాజమండ్రి, నరసాపురం చుట్టుపక్కల మనకు లూథరన్, బ్రదరన్ సంఘాలవారు పొరుగువారు. పురుషోత్తమ చౌదరిగారి (1803-1890) వంటి కవుల కీర్తనలు, రాగం, తాళం పైన రాసి ఉన్న ఆ 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు', మన ఇళ్లలోనూ పాడుకుంటాం. అవి మన భాషకే ఆస్తి. ప్రతి ప్రజకూ తన సంగీత సంప్రదాయం ఉందని, దానికి తగిన గౌరవం ఇవ్వాలని మహాసభ కూడా చెప్పింది. కాబట్టి పాట ఎవరిదన్నది పెద్ద ప్రశ్న కాదు. ఈ ఘట్టానికి సరిపోతుందా? మాటలు మన విశ్వాసాన్నే చెబుతున్నాయా? జనం పాడగలరా? ఈ మూడూ చూసుకోండి. నిన్న విడుదలైన సినిమా బాణీకి భక్తి మాటలు తొడిగితే జనం నోట పాట ఉంటుంది, తలలో మాత్రం ఆ సినిమాయే ఉంటుంది. అది వద్దనే నా మనవి.

సరే, ఏం చేయాలి? వారం మధ్యలో, గురువారమో శుక్రవారమో సాయంత్రం, అరగంట కూర్చోండి. గురువుగారు, ఉపదేశిగారు, పాటలు నడిపేవారు, పఠనాలు చదివేవారు. పాటల పుస్తకం మూసి పక్కన పెట్టి, ముందు సువిశేషం పైకి చదవండి. తరువాత మొదటి పఠనం, కీర్తన. ప్రసంగం దేని మీద సాగుతుందో గురువుగారు రెండు మాటలు చెబుతారు. అప్పుడు కీర్తన పల్లవికి బాణీ చూడండి, తరువాత అల్లెలూయ, 'పరిశుద్ధుడు', ఆమెన్. ఈ నాలుగూ కుదిరాకే మిగతా పాటలు. వీటి బాణీలు కాలానికి ఒకసారి మారిస్తే చాలు, వారం వారం వద్దు. ఆగమన కాలానికి ఒకటి, తపస్సు కాలానికి ఒకటి, పాస్కా కాలానికి ఒకటి, మిగతా సంవత్సరానికి ఒకటి.

గురువుగారు నెలకో రెండుసార్లో వచ్చే చిన్న ఊళ్లలో అంతా ఉపదేశిగారి మీదే ఉంటుంది. అక్కడ కీబోర్డు లేదని బాధపడకండి. కంజీర, తాళాలు, గట్టి గొంతు ఒకటి ఉంటే కీర్తన పల్లవి నడుస్తుంది. నిజానికి భజన పద్ధతి, ఒకరు అందిస్తే అందరూ అందుకోవడం, భక్తి కీర్తనకు అచ్చంగా సరిపోయే పద్ధతి. ఆ ఊరి ముసలివాళ్లకు అది మనకంటే బాగా వచ్చు. విచారణ కేంద్రంలో శుక్రవారం కుదిరిన బాణీని ఫోనులో రికార్డు చేసి వాట్సాప్‌లో పంపితే, ఆదివారానికి పిల్లలు నేర్చేసుకుంటారు. కానీ ఆ రికార్డునే పూజలో మైకు దగ్గర పెట్టి వినిపించకండి. పెట్టె మన బదులు ప్రార్థించలేదు.

పూజకు ఐదు నిమిషాల ముందు ఒకరు జనం ఎదుట నిలబడి పల్లవి రెండుసార్లు పాడించాలి. శృతి ఆడవారికీ మగవారికీ అందేంత కిందికి దించండి, కీబోర్డులో దానికి మీట ఉంది. జనం అందుకున్నాక పాడించేవారు మైకు నుంచి ఒక అడుగు వెనక్కి జరగాలి. ఇది మా గాయకులకు కష్టంగానే ఉంటుంది, ఒప్పుకుంటాను. అయినా ఆ అడుగు వెనక్కి వేసినప్పుడే జనం గొంతు వారికి మొదటిసారి వినిపిస్తుంది.

యువకులకు, ఉపదేశిగారికి పడకపోతే? పడకపోవచ్చు. వయసులు వేరు, ఇష్టాలు వేరు. అయితే ఇద్దరి చేతుల్లోనూ ఆ వారపు పఠనాలు ఉన్నప్పుడు జరిగే వాదన వేరుగా ఉంటుంది. నీ పాటా నా పాటా అన్న మాట పోయి, ఈ సువిశేషానికి ఏది అన్న మాట వస్తుంది. తేలకపోతే గురువుగారు తేల్చాలి. గురువుగారు బదిలీ అయితే కొత్తవారికి ఆ బాణీల పట్టిక అందించే బాధ్యత పెద్దలది.

క్యాలెండరు కూడా ముందుగా చూసుకోండి. మార్చి 25 పవిత్ర వారంలో పడితే మంగళవార్త మహోత్సవం పాస్కా రెండవ ఆదివారం తరువాతి సోమవారానికి జరుగుతుంది. 2005లోనూ 2016లోనూ ఆ తేదీ పవిత్ర శుక్రవారమైంది, మహోత్సవం ఏప్రిల్ 4కు వెళ్లింది. 2024లో పవిత్ర సోమవారమైంది, ఏప్రిల్ 8కి వెళ్లింది. 2027లో మార్చి 25 పవిత్ర గురువారం. ఆ సాయంత్రం మహిమగీతం గంటలతో పాడి, అక్కడి నుంచి పాస్కా జాగరణ మహిమగీతం దాకా గంటలు ఆపాలి, వాద్యాలు పాటకు ఆసరాగా మాత్రమే ఉండాలి. మంగళవార్త ఏప్రిల్ 5న వస్తుంది. అప్పటికి పాస్కా కాలం కనుక ఆ ఏడాది అదే మహోత్సవానికి అల్లెలూయ పాడాలి. 40వ కీర్తన మాత్రం అదే. దాని పల్లవికి బాణీ ఇప్పుడే వెతికి పెట్టుకోండి.